డిసెంబరులో డాన్యూబ్ ఈత

మా ఆవిడకి ఒక్కతే చెల్లెలు. మూడేళ్ళ క్రితం ఇద్దరూ ఒకే నెలలో కాకినాడ వదిలారు. మా ఆవిడ నన్ను చేసుకుని అమెరికాలో పార్సిప్పనీకి, చెల్లెలు మాస్టర్స్ చదువుకని వియన్నాకి. ఇద్దరిలో ఎవరి నిర్ణయం మంచిదన్నది మా ఇంట్లో చర్చకు పెట్టని విషయం.

అప్పటి నుంచి ఒకరినొకరు ఫోన్‌లో తప్ప చూసుకోలేదు. చెల్లెలు అమెరికా వీసాకి రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ కాదన్నారు. మేమే అక్కడికి వెళ్ళాలి. దానికీ గడువుంది. మా పాస్‌పోర్టుల్లో అమెరికా స్టాంపు మార్చి వరకే. ఆ తర్వాత బయటికి వెళితే తిరిగి రావడానికి కొత్త స్టాంపు కావాలి, దాని అపాయింట్‌మెంట్ దొరికేసరికి నా ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం నా మేనేజర్‌కి కూడా లేదు. ఇంకోవైపు మా మరదలికి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చింది, జనవరి మొదటి వారంలో ప్రయాణం. అంటే ఈ క్రిస్మస్ తప్పితే అక్కాచెల్లెళ్ళు మళ్ళీ ఎప్పుడు కలుస్తారో చెప్పగలిగినవాళ్ళు ఏ కాన్సులేట్‌లోనూ లేరు.

టికెట్లు బుక్ చేసిన రోజున మా మరదలు వాయిస్ మెసేజ్ పంపింది. పదకొండు నిమిషాలు. చలికాలం వియన్నాలో చేయాల్సిన పనులు. సిటీ హాల్ ముందు చెట్ల మధ్య మంచు పరిచి దారి వేస్తారట, స్కేట్లు కట్టుకుని దానిమీద ఒకసారి పడాలి. పడకుండా తిరిగితే లెక్కలోకి రాదు. క్రిస్మస్ బజారులో పంచ్ అని వేడివేడి మసాలా పానీయం పింగాణీ కప్పులో పోసి ఇస్తారు, ఆ కప్పు తిరిగి ఇవ్వాలి, తను ఇప్పటికి నాలుగు ఇవ్వలేదు. కాల్చిన చెస్ట్‌నట్ గింజలు కొని తినకుండా కోటు జేబుల్లో పోసుకోవాలి, చేతులు వెచ్చగా ఉంటాయి. కాఫీ హౌస్‌లో ఒక్క కాఫీ చెప్పి సాయంత్రం దాకా కూర్చోవాలి, ఎవరూ లేవమనరు. ఇరవై నాలుగో తారీఖు మధ్యాహ్నానికి ఊరంతా తలుపులేసుకుంటుంది కాబట్టి ఆ రోజుకి చికెన్ ముందే తెచ్చి పెట్టుకోవాలి. చివర్లో, “బావా, ఇవన్నీ నీకు. అక్కా నేనూ మాత్రం రూమ్‌లోంచి కదలం,” అంది.

మా ఆవిడ ఆ మెసేజ్‌ని వంట చేస్తూ, కారులో, బట్టలు మడతపెడుతూ వింటూనే ఉంది. నాకు చెస్ట్‌నట్‌ల దాకా కంఠతా వచ్చేసింది.

ఇక ఆస్ట్రియా వీసా. మా తెలుగు చర్చిలో ఒక అంకుల్ ఉన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక పులిహోర ప్లేటు పట్టుకుని ఆయన చుట్టూ మూగేవాళ్ళలో సగంమంది ఆత్మీయ సలహాకి వస్తారు, సగంమంది యూరప్ ఫైలుకి. ఆ ఫైలు ఆయన తన కుటుంబం వియన్నా వెళ్ళినప్పుడు తయారు చేసింది. కవరింగ్ లెటరు, ఏడు రోజుల ప్లాను, ఏ కాగితం తర్వాత ఏ కాగితం పెట్టాలో జాబితా. తర్వాత మా చర్చిలో ఎవరు వియన్నా వెళ్ళినా పేర్లూ తేదీలూ మార్చి అదే ఇచ్చారు. ఆ కాన్సులేట్ లెక్క ప్రకారం న్యూజెర్సీ తెలుగు క్రైస్తవులందరికీ మూడో రోజు ఒకే కోరిక పుడుతుంది.

ఆయన ఫైలు ఇస్తూ ఒక్క మాట గట్టిగా చెప్పారు. “మీ సిస్టర్ ఇన్ లా సంగతి రాయకు, బ్రదర్. అక్కడ మనవాళ్ళున్నారంటే వెళ్ళినవాళ్ళు అక్కడే ఉండిపోతారనుకుంటారు. మీరు టూరిస్టులు, అంతే. ఈ ఫైలుతో ఇంతవరకూ ఒక్కటీ రిజెక్ట్ కాలేదు.”

ఇంటికొచ్చి నేను చేసిన పని నాలుగు నిమిషాలది. ఆయన పేరున్న చోట మా పేర్లు, జూలై అన్న చోటల్లా డిసెంబర్. కంప్యూటరే వెతికి మార్చింది, పదిహేడు చోట్ల మార్చానని గర్వంగా చెప్పింది కూడా. నేను చదవలేదు. ఇన్ని కుటుంబాలకి పనికొచ్చినదాన్ని మళ్ళీ చదవడం అపనమ్మకంలా అనిపించింది. బద్ధకానికి ఇంతకంటే మంచి పేరు నాకు దొరకలేదు.

మా ఆవిడ మాత్రం సంతకం పెట్టే ముందు పెన్ను గాల్లో ఆపింది. ప్రయాణ కారణం అన్న చోట పర్యాటకం, బంధువుల్ని చూడటం అని రెండు గళ్ళున్నాయి, నేను మొదటిది టిక్ చేశాను. “చెల్లిని చూడ్డానికి వెళ్తూ ఇదేంటి?” అంది. నేను అంకుల్ మాట అప్పజెప్పాను. సంతకం పెట్టింది కానీ ఆ రోజంతా నన్ను ‘మీరు’ అంది. మామూలుగా నన్ను ‘నువ్వు’ అంటుంది. గౌరవం వచ్చిందంటే నేను సోఫాకి దిండు తెచ్చుకోవాలని అర్థం.

అపాయింట్‌మెంట్ రోజు న్యూయార్క్‌లో కాన్సులేట్‌కి కారులోనే వెళ్ళాం. టన్నెల్‌లో ట్రాఫిక్ ఆగిపోయింది. మా ఆవిడ ఒళ్ళో ఫైలు పెట్టుకుని, దాన్ని బాతుగుడ్డులా రెండు చేతులా పట్టుకుని, తలుపు వైపు తిరిగి ప్రార్థన చేసుకుంటోంది. నేను ఏదో అనబోయాను. కళ్ళు తెరవకుండానే అంది: “లోపల నువ్వు జోక్ వేయొద్దు. ఒక్కటి కూడా. నా చెల్లిమీద ఒట్టు.”

మా చర్చిలో ఒట్లు వేయరు. అందుకని నాకు కొంచెం భయం వేసింది.

కౌంటర్‌లో అద్దం వెనక యాభై ఏళ్ళ ఆవిడ, కళ్ళద్దాలకి గొలుసు. ఇద్దర్నీ కలిపే పిలిచింది. నా కాగితాలు ముందు చూసింది. ఉద్యోగం, జీతం, ఇన్సూరెన్స్, హోటలు అన్నీ వరసలో ఉన్నాయి. అంకుల్ జాబితా అక్షరం పొల్లుపోలేదు. ఒక్కో కాగితం బోర్లా పెడుతుంటే మా ఆవిడ ఊపిరి ఒక్కో మెట్టు దిగడం నాకు పక్కనే వినిపిస్తోంది. ఏడు రోజుల ప్లాను దగ్గర అద్దం వెనక ఆవిడ చేయి ఆగింది. కళ్ళద్దాలు సర్దుకుంది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

రెండో రోజు రాజభవనం తోటలో గులాబీలు చూస్తారా అని అడిగింది. అవునన్నాను. డిసెంబర్‌లోనా అంది. నాకు పూలంటే ఇష్టం అన్నాను. మూడో రోజు డాన్యూబ్ దీవిలో ఈత అని రాశారు, అంది. ఆ గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది, డాక్టరు రిపోర్టు రెండోసారి చదివినప్పుడు ఉండే మర్యాద అది. ఇంకా చదివింది. అయిదో రోజు రాత్రి తొమ్మిదింటికి సూర్యాస్తమయం చూడటం. ఆరో రోజు అంతా ఐస్‌క్రీమ్.

నిజం చెప్పడానికి అదే సమయం. స్నేహితుడి ఫైలు, చదవకుండా ఇచ్చాను, క్షమించండి, అంటే సరిపోయేది. నేను మాత్రం చిన్నప్పటి నుంచీ ఎటూ దారి లేనప్పుడు ఏం చేస్తానో అదే చేశాను. ఈత ఇండోర్ పూల్‌లో అన్నాను.

ఏ పూల్ అని అడిగింది.

“నీళ్ళున్నదే,” అన్నాను.

మా ఆవిడ మడమ నా బూటు మీద పడింది. ఆలస్యమైంది. అద్దం వెనక ఆవిడ నవ్వలేదు, పెన్సిల్ తీసుకుని నా ఫారం మీద ఏదో రాసుకుంది. పెద్ద వాక్యమేమీ కాదు. రెండు మూడు మాటలుంటాయి. నా జోకులకి వచ్చిన సమీక్షల్లో అంత క్లుప్తమైనది అదే.

తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, మీరు కూడా ఈత కొడతారా అంది.

మా ఆవిడకి ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. ఫైలు కింద పెట్టింది. నాకేసి చూడలేదు. “మా చెల్లి అక్కడుంది,” అంది ఇంగ్లీషులో. “చూసి మూడేళ్ళయింది. జనవరిలో ఆస్ట్రేలియా వెళ్ళిపోతోంది. ఆ ప్లాను మాది కాదు. మాది ఇది.” అని ఫోన్ తీసి, అద్దానికి ఆనించి, ఆ పదకొండు నిమిషాల మెసేజ్‌ని తను ఎప్పుడో ఇంగ్లీషులో రాసిపెట్టుకున్న కాగితం ఫొటో చూపించింది. అలాంటి కాగితం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. స్కేట్లు, కప్పులు, చెస్ట్‌నట్‌లు, ఇరవై నాలుగో తారీఖు చికెన్, అన్నీ ఉన్నాయి.

అద్దం వెనక ఆవిడ నిదానంగా చదివింది. ఆ నాలుగు కప్పుల దగ్గరనుకుంటా, పెదవి కొంచెం కదిలింది. అసలు కారణం దాచడం పొరపాటు అంది. మా ఆవిడ ఒప్పుకుంది. ఆమెని తన ఫారంలో రెండో గడి టిక్ చేసి పక్కన సంతకం పెట్టమంది, చెల్లెలి దగ్గర్నుంచి ఉత్తరం, ఆమె నివాస పత్రం రెండు రోజుల్లో పంపమంది. నా ఫారం కూడా మార్చనా అని అడిగాను. మీరు చెప్పాల్సింది చెప్పారు అంది.

తర్వాత మూడు వారాలు. ఉత్తరం అదే రోజు సాయంత్రానికి పంపేశాం. పాస్‌పోర్టులు తిరిగి తెచ్చే కొరియర్ ట్రాకింగ్ పేజీని మా ఆవిడ గంటకోసారి తెరిచేది. అందులో మార్పు లేకపోతే మళ్ళీ తెరిచేది, మొదటిసారి సరిగా చూడలేదేమోనని. సూట్‌కేస్ హాల్లో తెరిచే ఉంది. అందులోకి ఆవకాయ వెళ్ళేది, బయటికి వచ్చేది. ఆశపడితే జరగదన్న భయం ఒక పూట, సర్దకపోతే జరగదన్న భయం ఇంకో పూట. నేను జోకులు మానేశాను. ఆఫీస్‌లో ఒంట్లో బాగోలేదా అని అడిగారు.

ఫ్లైట్ మర్నాడనగా మధ్యాహ్నం కవరు వచ్చింది. మా ఆవిడ చింపలేక నాకిచ్చింది. పైన ఆమె పాస్‌పోర్టు. పేజీలు తిప్పాను, వీసా ఉంది. మా ఆవిడ గోడకి ఆనుకుని నేలమీద కూర్చుండిపోయింది. నా పాస్‌పోర్టులో వీసా లేదు, మడతపెట్టిన కాగితం ఉంది. వరసగా గళ్ళు, ఒక గడిలో టిక్: మీరు చెప్పిన ప్రయాణ కారణం నమ్మదగినదిగా లేదు. ఆ అభిప్రాయంతో నేను విభేదించలేకపోయాను.

అంకుల్‌కి ఫోన్ చేశాను. ఒకరికి వచ్చింది కాబట్టి దీన్ని రిజెక్ట్ కింద అనుకోనక్కర్లేదు బ్రదర్, అన్నారు. మళ్ళీ అప్లై చేయమన్నారు. మళ్ళీ అంటే ఫిబ్రవరి. ఫిబ్రవరిలో వియన్నాలో గులాబీలూ ఉండవు, మరదలూ ఉండదు.

మా ఆవిడ ఆ పాటికి సూట్‌కేస్ మూసి మూలకి నెట్టేసింది. నువ్వు లేకుండా వెళ్ళను అంది. ఒంటరిగా ఎప్పుడూ ఫ్లైట్ మారలేదు, దారిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారాలి, తిరిగొచ్చేటప్పుడు ఇక్కడ ఇమ్మిగ్రేషన్‌లో ఏమైనా అడిగితే? పండగపూట నువ్విక్కడ ఒక్కడివీ ఏం తింటావు? మా మరదలు అవతల ఫోన్‌లో ఉంది, ఏడవట్లేదు. “బావా, ఏదో ఒకటి చెప్పు,” అంది అంతే.

నాకు నాలుక చివర మూడు జోకులున్నాయి. మూడూ బాగానే ఉన్నాయి. మింగేసి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాను.

“ఆ కౌంటర్ దగ్గర అబద్ధం చెప్పింది నేను. నువ్వు చెప్పలేదు. నా అబద్ధానికి మీ చెల్లెలికి ఎందుకు శిక్ష పడాలి?”

మా ఆవిడ ఆ టిక్ పెట్టిన కాగితాన్ని మళ్ళీ మడతపెట్టి నా చేతిలో పెట్టింది. “మీరు నిజంగానే సారీ చెప్తున్నారా?” అంది.

అవునన్నాను. ‘మీరు’ అన్నందుకు బాధ కూడా పడ్డాను.

మర్నాడు నెవార్క్ ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ లైను మలుపు దగ్గర ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. చేయి ఊపలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో గేటు దొరికిందని ఒక్క ముక్క మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత అయిదు గంటలు ఏమీ లేదు. ఆఫీస్‌లో మీటింగ్‌లో కూర్చుని ఫోన్ బోర్లా పెట్టాను, వెల్లకిలా తిప్పాను, మళ్ళీ బోర్లా పెట్టాను.

చివరికి ఫొటో వచ్చింది. ఎవరో దారినపోయేవాళ్ళు తీసినట్టుంది, కెమెరా వంకరగా ఉంది. ఎయిర్‌పోర్టు బయట తలుపుల దగ్గర ఇద్దరు మనుషులు, రెండు కోట్లు, ఒకరి భుజంలో ఇంకొకరి మొహం. ఎవరి మొహమూ కనిపించడం లేదు. మా ఆవిడ ఏ కోటో గుర్తుపట్టడానికి నేను ఫొటోని రెండుసార్లు పెద్దది చేసి చూడాల్సి వచ్చింది. సూట్‌కేస్ వాళ్ళిద్దరి వెనక పడిపోయి ఉంది, ఎవరూ లేపలేదు.