తూఫాన్ ఎద మీద సుడి

పాలమూరు స్టేషనుకూ గడియారం చౌరస్తాకూ మధ్య ముప్ఫై ఎనిమిదేళ్లు టాంగా తోలిన యాకూబ్‌కు గుర్రాల గురించి తెలియనిది లేదు. ఆ సంగతి ఆయనే చెప్పేవాడు, ఎవరూ అడగకపోయినా. ఒకప్పుడు అడిగేవాళ్లు. నారాయణపేట నుంచి కూడా టాంగావాళ్లు వచ్చి, తమ ఆడగుర్రాన్ని ఏ మగగుర్రంతో కలిపితే మంచి పిల్ల పుడుతుందో చెప్పమని కూర్చునేవాళ్లు. ఊళ్లో ఆటోలు నిండి, తొంభై రెండులో గుర్రాన్ని అమ్మేశాక ఆయన మాటలకు భార్య అన్వరీ బేగం ఒక్కతే మిగిలింది. ఆమె చెవులు బాగానే పనిచేస్తాయి. వినదంతే.

ఆ మరుసటి ఎండాకాలం సెలవుల్లో మనవరాలు తాహేరా నోటుబుక్కులో గుర్రాల ఆట ఒకటి కనిపెట్టింది. పేజీకొక గుర్రం బొమ్మ, దాని ఎద పక్కన పరుగు అంకె. ఆడగుర్రం అంకె, మగగుర్రం అంకె కూడి సగం చేయాలి. ఒకవైపు తెల్లగా అరగదీసిన నాలుగు చింతగింజలు వేసి, ఎన్ని తెల్లగా పడితే అన్ని కలపాలి. అదే పిల్ల అంకె. శుక్రవారం పందెంలో పెద్ద అంకె ఉన్న పిల్లది గెలుపు.

ఆటగాళ్లు ఇద్దరు. యాకూబ్, ఆయనతో పాటు టాంగా తోలిన మల్లప్ప. ఇద్దరి వయసు కలిపితే నూట ముప్ఫై. మల్లప్పకు అప్పటికే ఎనిమిది అంకె పిల్ల పుట్టింది. దాంతో నోరు లేచింది.

"యాకూబ్ భాయ్, శుక్రవారం ఓడినవనుకో, ఇగ నా ముందట గుర్రాల ముచ్చట తియ్యొద్దు."

"సరే, తియ్య," అన్నాడు యాకూబ్. అన్నాక గానీ తట్టలేదు. గుర్రాల ముచ్చట పోతే ఇంకేం మాట్లాడాలి? మోకాళ్ల నొప్పులా?

ఆయన ఆడగుర్రం చాందినీ అంకె ఆరు. ఇద్దరికీ ఉమ్మడిగా మగగుర్రాలు రెండు: బాద్షా ఎనిమిది, తూఫాన్ పది. యాకూబ్ మూడురోజులు ఆ రెండు పేజీలే చూశాడు. చల్లారిన అన్నం ముందు కూర్చుని చూశాడు.

"కాగితానికి గడ్డి వేస్తవా, నువ్వు తింటవా?" అంది అన్వరీ బేగం.

గురువారం బొమ్మలో తూఫాన్ ఎద మీద నల్లటి సుడి కనిపించింది. బుధవారం లేదు. ఎద మీద సుడి ఉన్న గుర్రం యజమానిని తింటుందని టాంగావాళ్ల నమ్మకం. వేరేవాళ్లయితే పేజీ తిప్పేసేవాళ్లు. యాకూబ్ జాతరల్లో గుర్రాలు కొన్నవాడు, మసి పూసి మచ్చలు మార్చే బేరగాళ్లను చూసినవాడు. వేలు తడిచేసి గట్టిగా రుద్దాడు. వేలికి మసి అంటింది.

"అగ్గిపుల్ల మసి," అన్నాడు మల్లప్ప వైపు చూస్తూ. "జాతర్ల నీ మామ గూడ గిట్లనే అమ్మేటోడు."

మల్లప్ప బీడీ వెతుక్కున్నాడు.

కానీ రుద్దుడుకు మసితో పాటు పక్కనున్న సిరా అంకె కూడా పోయింది.

"అంకె లేకుంటే సున్నా, దాదా," అంది తాహేరా. అప్పటికప్పుడు పుట్టించిన చట్టం అది. "బాద్షాను తీసుకో."

"అంకె పోతే కాళ్లు పోతయా? ఆ మోకాళ్లు చూడు బిడ్డా. తూఫానే."

ఆరులో సగం మూడు. యాకూబ్ కళ్లు మూసుకుని గింజలు వేశాడు. నాలుగూ తెల్లగా పడ్డాయి. ఏడు.

శుక్రవారం మల్లప్ప ఎనిమిది ముందు ఒక్క అంకెతో ఓడిపోయాడు.

"బాద్షా అయితే పదకొండు అయ్యేది," అని తాహేరా మనసుకు తగిలేలా లెక్క చెప్పింది.

"బాద్షాకైతే గింజలు అట్ల పడవు. గింజలు గుర్రాన్ని చూసి పడ్డయి," అన్నాడు యాకూబ్.

మాట మాటే. శని, ఆదివారాలు మల్లప్పతో ఆయన రేషన్ చక్కెర గురించి, నల్లానీళ్ల గురించి మాట్లాడాడు. వినలేక మల్లప్ప బక్కచిక్కాడు. సోమవారం తన కొత్త ఆడగుర్రం పేజీ పట్టుకుని వచ్చాడు.

"సున్నా గుర్రంతోని ఏడు పుట్టించినవు. దీనికి ఏది కలపాలె, జర చెప్పు."

"ముచ్చట తియ్యొద్దంటివి."

"నువ్వు తియ్యలే. నేను తీసిన."

యాకూబ్ పేజీని వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూశాడు.

"ఇది తల్లి పాలు తాగేటప్పుడు ఏ కాలు ముందట పెట్టేది?"

మల్లప్ప ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"కుడికాలే."

"అయితే బాద్షా వద్దు," అన్నాడు యాకూబ్.