నస్రీన్ అక్క చింతగింజలు

దసరాకు తొమ్మిది రోజుల ముందు, పన్నెండు మంది సేల్స్ అమ్మాయిలు చూస్తుండగా, చీరల దుకాణం కర్ణాకర్ సేటు నస్రీన్ అక్క చేతిలోంచి షాపు ఫోను లాక్కున్నాడు.

"లక్షా డెబ్బై వేల మంది వీడియో చూసిన్రట! ఏడున్నరే వాళ్లు? ఒక్కరన్న మెట్లెక్కిన్రా? పైసలిచ్చి దొంగ వ్యూస్ కొన్నవ్. నా దుకాణంల గిసొంటివి నడువయ్" అన్నాడు.

ఆమె తలుపు పక్క స్టూలు మీదున్న చిన్న స్టీలు డబ్బా తీసుకుంది. మూత బిగించింది. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగింది. డబ్బాలో పదకొండు చింతగింజలున్నాయి. ఆమె ఒక్కో మెట్టు దిగుతుంటే అవి చేసిన చప్పుడు నాకు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది.

నస్రీన్ అక్క మొదట ఆ షాపు వెనక గదిలో చీరలకు ఫాల్ కుట్టేది. కుట్టిన చీరను వెలుతురులో ఒకసారి విదిలించి చూసుకునే అలవాటు ఆమెకు. ఆ విదిలింపునే ఒకరోజు ఫోనులో తీసి షాపు పేజీలో పెట్టింది. అరనిమిషం కూడా లేదు. దాన్ని చూసి నలుగురు ఆడవాళ్లు నంగునూరు నుంచి బస్సెక్కి వచ్చారు. ఆ తర్వాత ఆమె సూది పక్కన పెట్టి ఫోను పట్టుకుంది. ఆమె వీడియోలు తీసేది, నేను కత్తిరించేవాణ్ణి. డిగ్రీ మధ్యలో వదిలేసి, లైబ్రరీలో దొరికిన పుస్తకమల్లా చదివి, చివరికి చీరల మీద పాటలు అతికించే పనికి కుదిరినవాణ్ణి నేను.

ప్రతి వీడియోకూ ఫోనులో ఒక గీత వస్తుంది. ఎన్నో సెకనుకు ఎంతమంది మిగిలారో చెప్పే గీత. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక, అద్దాల్లోంచి ఎండ వచ్చి చీరల మడతల మీద పడుకున్నాక, ఆమె ఆ గీతను చూస్తూ కూర్చునేది. కళ్లు సగం మూతపడి ఉండేవి. అది లెక్కలు చూసేవాళ్ల చూపులా ఉండేది కాదు. దూరంగా ఎవరో నడిచి వస్తుంటే చూస్తున్నట్టు ఉండేది.

"గీడ జూడు తమ్మీ, నాలుగో సెకన్ల జారిన్రు. గీడనే మన షాపు పేరు వెట్టినం. ఆమెకు పేరెందుకు? చీర జూడనీకి వచ్చింది."

ఆమె ఎప్పుడూ 'వాళ్లు' అనేది కాదు, 'ఆమె' అనేది. లక్షమందైనా సరే, నస్రీన్ అక్క కళ్ల ముందు ఒక్క మనిషే. దౌల్తాబాద్ దిక్కు ఏదో వంటింట్లో కూర దించి, తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను తీసుకున్న మనిషి. ఆమె బొటనవేలు పైకి జరుపుతుందా, ఆగుతుందా? ఆ వేలు ఆగిన చోట నస్రీన్ అక్క ఊపిరి కూడా ఆగేది.

గింజలు రెండో లెక్క. ప్రతి వీడియో చివర ఒక మాట చెప్పేది: 'తలుపు కాడున్న అంజవ్వను నెమలిమెడ రంగు అడగండి' అని. వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చే ముసలామె అంజవ్వ. ఎవరైనా ఆ మాట అంటే డబ్బాలో ఒక చింతగింజ వేసేది. రెండు వీడియోలు పెడితే రెండు మాటలు, రెండు డబ్బాలు. ఏ డబ్బా బరువెక్కితే నస్రీన్ అక్క తర్వాతి వీడియో ఆ తీరుగా తీసేది.

"కంప్యూటర్ల జమానాల చింతగింజలేందే? పచ్చీసు ఆడుతున్నవా?" అని సేటు నవ్వేవాడు.

"ఫోను చూసినోళ్లను లెక్కవెడ్తది సేటూ. తలుపు దాటినోళ్లను అంజవ్వ లెక్కవెడ్తది."

ఆ దసరా వీడియో చీర మడతపెట్టడం గురించి. పెట్టిన నాలుగు రోజులకు లక్షా డెబ్బై వేలు. సేటు లడ్డూలు పంచాడు. నస్రీన్ అక్క మాత్రం కింద జనం రాసిన మాటలు చదువుతూ కూర్చుంది. వరంగల్ నుంచి ఒకామె: 'మా షాపుల గూడ గిట్లనే మడతవెడ్తం అక్కా.' కరీంనగర్ నుంచి ఇంకొకామె: 'మా సేటు గింత మంచిగ లైట్లు పెట్టడు.'

"దీన్ని ఆపుదాం సేటూ. వీళ్లు కొనేటోళ్లు గాదు, మడతవెట్టేటోళ్లు" అంది. లడ్డూ తింటున్న మనిషితో అనకూడని మాట అది.

ఎందుకట్లా అయిందో నాకు తెలుసు. వీడియో పెట్టిన రోజే సేటు నన్ను పిలిచి, "మన దుకాణం వీడియో మనం జూడకుంటె ఎవలు జూస్తరు? పోరిలందరు అన్నం తినేటప్పుడు ఇర్వైసార్లు జూడాలె. వాళ్ల దోస్తులకు పంపాలె. నస్రీన్‌కు చెప్పకు, నస పెడ్తది" అన్నాడు. మధ్యాహ్నం ఆమె అన్నానికి ఇంటికి పోయే గంటలో నేనే అమ్మాయిలకు చెప్పాను. పన్నెండు మంది రోజూ చూశారు, వేరే ఊళ్ల షాపుల్లో పనిచేసే దోస్తులకు పంపారు. ఫోనుకేం తెలుసు? ఈ వీడియో ఇష్టపడేది ఇలాంటి అమ్మాయిలే అనుకుని, ఎక్కడెక్కడి సేల్స్ అమ్మాయిలకో చూపించుకుంటూ పోయింది. కొనేవాళ్ల కంట పడింది తక్కువ, తలుపు దాటింది పదకొండు మందే.

లడ్డూలు అయిపోయినా బేరాలు పెరగలేదు. సేటు ఫోను లాక్కున్న రోజు నేను స్తంభం పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

సిద్దిపేటలో మాట పాకడానికి ఏ వీడియో అక్కర్లేదు. రెండు రోజుల్లో ఆమె 'దొంగ వ్యూస్ నస్రీన్' అయింది. మిఠాయి దుకాణం వాళ్లు వద్దన్నారు, ఫర్నిచర్ వాళ్లు వద్దన్నారు. పని పోతే ఇంకో పని దొరుకుతుంది. పేరుకు పట్టిన మరక వదలదు. ఏడాదిపాటు ఆమె మళ్లీ ఫాల్ కుట్టింది.

చివరికి ఆమెను నమ్మినవాడు సిద్ధయ్య. తలమీద కుండ మోసే పడుచు బొమ్మ ఉండే గొల్లభామ చీరలు నేసే పెద్దాయన. తన గురించి ఊరు అనుకునేది ఆమే ముందుగా చెప్పింది. ఆయన మగ్గం మీద నుంచి తల ఎత్తకుండా, "వ్యూస్ అంటేనే నాకు తెల్వది బిడ్డా. ఇగ అండ్ల దొంగయేందో, దొరయేందో నాకేమెరుక?" అన్నాడట.

మొదటి వీడియోలో ఆయన ముఖం, ఆయన మాటలు. మూడో సెకనుకే గీత కూలింది. రెండోదాన్లో వేళ్లు, నూలు. కాస్త నిలిచింది. మూడోది, తలమీద ఇంకా కుండ నేయని గొల్లభామ బొమ్మతో మొదలైంది. చెయ్యి ఎత్తి ఉంది, పైన ఏమీ లేదు. పోగు పోగుకూ కుండ అంచు పైకి వస్తుంది. అది పూర్తయ్యేదాకా బొటనవేలు కదల్లేదు. చూసింది నాలుగొందల ముప్పై మంది. సిద్ధయ్య కోడలు స్వర్ణ ఫోనెత్తి, చివర చెప్పిన మాట అడిగినవాళ్లకు ఒక్కో గింజ వేసింది. పందొమ్మిది గింజలు.

ఈ సంగతి మరో ఏడాదికి అంజవ్వ చెబితే విన్నాను. మొన్న సిద్ధయ్య ఇంటికి పోయాను. మగ్గం చప్పుడు ఆగుతూ సాగుతూ ఉంది. కిటికీ ఎండలో నూలు దుమ్ము తేలుతోంది. నస్రీన్ అక్క ఆ గీతనే చూస్తోంది, అప్పటి లాగే, సగం మూసిన కళ్లతో. నేను నిలబడే అంతా చెప్పేశాను. సేటు మాట, అన్నం గంట, ఇరవైసార్లు.

ఆమె నా దిక్కు చూడలేదు.

"ఎరుకనే తమ్మీ. రోజూ ఒంటిగంటన్నరకే లేచేది ఆ లెక్క. నేనింటికి పోయే టైము గదేనాయె. నువ్వు చెప్తవేమో అని చూసిన."

"తప్పయింది అక్కా" అన్నాను.

స్టీలు డబ్బా నా వైపు జరిపి, మూత తీసి లోపలి గింజలు చూపించింది. అప్పుడు అన్నది:

"మూడు సెకన్ల మాటకు రెండేండ్లు వట్టింది నీకు. పో, గదే దుకాణంల, గా పన్నెండు మంది ముందట నిలవడి చెప్పు. నాకొక్కదానికి చెప్తే ఒక్కటే గింజ."