ఆకు వేశాక బేరం లేదు

మా ముత్తాత పాలెగాళ్ళ దగ్గర మాన్యాలు పొందినవాడు. మా తాతను చూడవచ్చేవాళ్ళు వీధి మలుపులోనే చెప్పులు విడిచేవారు. నాయన కాలానికి ఆ చెప్పులు వసారా దాకా వచ్చాయి.

మర్యాద అంటే సంస్కృతంలో హద్దు అని తిరుపతిలో నాకు చదువు చెప్పిన అయ్యవారు అనేవారు. సముద్రం దాటని ఒడ్డును అట్లా అంటారట. మా ఇంట్లో ఆ ఒడ్డు భోజనాల దగ్గర ఉండేది. మా ఇంట ఆకు ముందు కూర్చున్న మనిషితో ఆ రోజంతా బేరమాడకూడదు. ఇది తాత పెట్టిన కట్టుబాటు. ఆయనకు అమ్ముకోవలసినవేవీ లేవు గనుక ఇబ్బంది పడలేదు.

యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం, పాకాల దగ్గర మాకు మిగిలిన మామిడితోపు కొనడానికి ఒక బెల్లం వ్యాపారి వచ్చాడు. వానలు పడేలోగా ఆ డబ్బుతో పడమటింటి మిద్దె బాగుచేయించాలని అమ్మ ఆశ. కిందటి వానలకే అది కురిసింది.

వ్యాపారి వసారాలో కూర్చుని ఎండల గురించి, తన ఎద్దు కాలి నొప్పి గురించి చెప్పాడు. ధర మాట ఎత్తలేదు. మా కట్టుబాటు చుట్టుపక్కల అందరికీ తెలుసు. ముందుగా ధర అడగడం నాయనకు చేతకాదు. పొద్దు నడినెత్తికి వచ్చింది.

"ఏమే, అన్నమయిందా?" అన్నాడు నాయన.

"కాలేదు. పాత బియ్యం, నానాల" అంది అమ్మ తలుపు వెనక నుంచి. "అందాకా ఆ తోపు మాటేదో తేల్చుకోండి."

"నాకేం తొందర లేదు తల్లీ. ఈ ఇంటి అన్నం తినకుండా యాడికి పోతాను?" అన్నాడు వ్యాపారి.

"వచ్చిన మనిషిని ఆకలితో కూర్చోబెట్టి ధర అడగమంటావా? అది మర్యాదేనా?" అని నాయన తానే లేచి పెరట్లో అరిటాకు కోసుకొచ్చి వేశాడు.

నిజానికి అన్నం ఎప్పుడో అయింది. వ్యాపారి నిదానంగా తిన్నాడు, చారు బాగుందన్నాడు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుంటూ ఒక ధర చెప్పాడు. తోపులో ఆ ఏటి కాయలకే అంత వచ్చేది.

"అట్లే కానీ" అన్నాడు నాయన.

అమ్మ ఆకువక్కల పళ్ళెం తెచ్చి పెట్టింది.

"సున్నం లేదే తల్లీ?"

"మిద్దె బాగుచేయించేనాడు తెప్పిస్తాంలేప్పా."

నాయన పొరపాటు చేశాడని నేను ఎన్నడూ అనలేదు. ఆ చోట నేనున్నా ఆకే వేసేవాణ్ణి.

ఆ డబ్బు మిద్దెకు చాలలేదు. మరుసటి ఏడు పడమటింటి టేకు దూలాలు అమ్మేశాము.