పాడ్యమి నాటి ఇన్‌స్పెక్షన్

1968 జూన్‌లో విజయనగరం దగ్గరి ఒక వేద పాఠశాలకు లౌకిక విషయాల ఉపాధ్యాయుడిగా నన్ను వేశారు. వేదం తప్ప మిగిలిందంతా నాదే: లెక్కలు, సైన్సు, సోషలు, ఇంగ్లీషు. భోజనాలయ్యాక ఒకే ఒక్క గంట ఇచ్చేవారు. పిల్లలు కోడి కూయకముందే లేచి వేదం వల్లించినవాళ్లు. నా భూగోళం వాళ్లకు జోలపాట.

ఆ ఏడాది బడికి గుర్తింపు రావాలి. రాకపోతే ఎనిమిదో తరగతి వాళ్లు పబ్లిక్ పరీక్షకు కూర్చోలేరు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారి కళ్లెదుట లెక్కల పాఠం, సైన్సు పాఠం జరిగితేనే ఆయన సిఫార్సు రాస్తారు. తేదీ అడిగితే, గోడ క్యాలెండరు చూసి ఒక సోమవారం రాసి పంపాను. పంచాంగం చూడలేదు.

ముందురోజు బడి గంట కొట్టే అప్పన్న వచ్చాడు. "రేపు పాడ్యమి కదేటి మేస్టారూ. మీరు రాజాం ఎల్లిపోయే రోజు. ఇనస్పెట్రుగారికి పాఠం నాను సెప్పీమంటారా?"

పాడ్యమి, అష్టమి వంటి తిథుల్లో వేదం చెప్పరు, చదవరు. దాన్ని అనధ్యయనం అంటారు. బడి పెద్ద ఘనపాఠిగారితో శాస్త్రచర్చ చేసి, ఆయన్ను ఒప్పించి ఇన్‌స్పెక్షన్ జరిపించానని ముప్పై ఏళ్లుగా చెప్పుకుంటున్నాను. సన్మాన సభలో కూడా చెప్పాను.

చర్చా లేదు, గిర్చా లేదు. చేతులు కట్టుకుని వెళ్లి, తేదీ తప్పు వేశానన్నాను.

ఆయన తమలపాకుకు సున్నం రాస్తూ, "అనధ్యయనం వేదానికి నాయనా. నీ లెక్కలకెవరు అడ్డం? నువ్వే ఆ రోజుల్లో కనబడవు. ఎక్కడికి పోతుంటావు?" అన్నారు.

రాజాంలో అత్తవారింట చేపల పులుసుకని ఆయనతో ఎలా చెప్పను? తలనొప్పి అన్నాను.

"పాడ్యమికీ అష్టమికీ వస్తుందా, ఆ తలనొప్పి?" అని ఆకు నోట్లో పెట్టుకున్నారు.

మర్నాడు రెండు పాఠాలూ జరిగాయి. అడిగిన నోటిలెక్కలన్నిటికీ పిల్లలు టకటకా జవాబులిచ్చారు. గుర్తింపు వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు నా బోధనాపద్ధతిని మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలు రాశారు. పద్ధతేమీ లేదు. ఆ రోజు తెల్లవారుజామున వల్లింపు లేక పిల్లలకు నిద్ర చాలింది.

ఆపైన అనధ్యయన దినాలన్నీ పొద్దుటి నుంచి నా తరగతులే. పులుసు మానేశానని మా అత్తగారు కొన్నాళ్లు మాట్లాడలేదు.

నేర్చుకున్నది ఇంతే. సెలవనుకుని వెళ్లే రోజు నిజంగా సెలవేనా అని ఒకసారి పెద్దల్ని అడగాలి. అడిగితే ఆ సెలవు పోతుంది. నేనైతే అడగలేదు, దొరికిపోయాను.