ముసలాయన బతికే ఉన్నాడు

ఆ రోజుల్లో ఆకులు గుండ్రంగా చుట్టిన చక్రం ఎక్కడ కనబడినా నాకు ఒకటే అర్థం: పోయినవాళ్ల మీద పెట్టేది. పెళ్లయి జర్మనీ వచ్చిన మొదటి చలికాలం అది. నాకు చదువు సంతకం వరకే. (ఇప్పుడూ అంతే. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది, మధ్యలో నవ్వుతోంది కూడా.) మా ఆయన ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఒక ఇండియన్ హోటల్లో వంట చేసేవాడు. పైన రెండు గదుల్లో మేము, కింద ఇంటావిడ, ఎవరికీ కనబడని ఆమె ముసలి మొగుడు. ఆవిడకి మా పోపు వాసన గిట్టదు. చలి తగ్గేలోగా వేరే ఇల్లు చూసుకోమని చెప్పేసింది. అక్కడ ఇల్లు దొరకడమంటే మాటలు కాదు, పైగా నేను నెల తప్పి ఉన్నాను. (కడుపులో ఉన్నది ఈ రాస్తున్న పిల్లే.)

ఒకరోజు కూరగాయలు తెచ్చుకుని వస్తుంటే ఆవిడ తలుపుకి పచ్చటి ఆకుల చక్రం వేలాడుతోంది. ముసలాయన పోయాడనుకున్నాను. పాపం పొయ్యి వెలిగించదు కదా అని, కోపం పక్కనపెట్టి అన్నం, పోపు వెయ్యని చప్పటి పప్పు వండి పట్టుకుని దిగాను. ఆవిడ తలుపు తియ్యగానే చెయ్యి పట్టుకుని బావురుమన్నాను. నాకొచ్చిన జర్మన్ హలో, థాంక్స్ అనడానికి డాంకె, అంతే, కానీ ఏడుపుకి భాషెందుకు? మా వాళ్లెవరో పోయారనుకుని ఆవిడా నన్ను కావలించుకుని మొదలెట్టింది. ఇద్దరం గుమ్మంలో అలా ఏడుస్తుంటే, లోపల్నించి ముసలాయన ఉన్ని మేజోళ్లతో నడిచొచ్చి, గిన్నె మూత తీసి వాసన చూశాడు.

చటుక్కున ఏడుపు ఆపేశాను. మా ఆయనకి ఫోన్ కలిపి ఆవిడ చేతిలో పెట్టాను. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నాక నాతో అన్నాడు: "ఒసేయ్, అది క్రిస్మస్‌కి కట్టుకునేది. మనం తోరణం కట్టుకోమూ, అలాగ. బతికున్న మనిషికి కర్మ చేసేశావు కదే." ఇక రేపే గెంటేస్తుందనుకున్నాను.

ఆవిడ మాత్రం గోడకి ఆనుకుని, కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ముసలాయన అప్పటికే పప్పన్నం తింటున్నాడు. నవ్వడం అయ్యాక ఆవిడ కత్తెర పట్టుకుని నన్ను పెరట్లోకి లాక్కెళ్లింది. క్రిస్మస్ చెట్టు కొమ్మలు, ముళ్ల ఆకుల మధ్య ఎర్రటి పళ్లున్న రెమ్మలు, గోడకి పాకిన పాదు, అన్నీ కోసి నా ఒళ్లో పోసింది. ఇనప చక్రం ఇచ్చి, సన్నటి తీగతో ఎలా కట్టాలో చూపించింది. నా వల్ల కాలేదు. నాలుగు కొమ్మలు కడితే మూడు ఊడాయి, ముళ్లు గుచ్చుకున్నాయి. విసుగొచ్చి దారం అడిగి, బూటూ మేజోడూ విప్పేశాను. చిన్నప్పట్నించీ కనకాంబరాలు కట్టిన చెయ్యి కదా, దారం కాలి బొటనవేలికి తగిలించి, రెండేసి రెమ్మలు ఎదురూబొదురూ పెట్టి ముడులేసుకుంటూ పోయాను. ఆ చలికి ఆవిడ దుప్పటి తెచ్చి, బొటనవేలు మాత్రం బయటికుంచి, నా కాలికి చుట్టింది. ఆ దండని చక్రానికి చుట్టేసరికి ఇనుమన్నది కనబడలేదు. పట్టుకుని ఊపాను. ఒక్క ఆకు రాలలేదు.

ఆవిడ తన చక్రం తీసేసి నాది తగిలించింది. దారినపోయే ముసలమ్మల్ని పిలిచి చూపించింది, నా కాలితో సహా. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, నవ్వకుండా అంది: "జీ బ్లైబెన్." కట్టించుకుని మరీ పొమ్మంటోందా అనుకుని, పైకెళ్లి గిన్నెలు సంచిలో సర్దేశాను.

సాయంత్రం మా ఆయన కింద ఆవిడతో మాట్లాడి పైకొచ్చాడు.

"ఎక్కడికే ప్రయాణం?"

"పొమ్మందిగా. బ్లైబెన్ అంది."

"ఉండిపోండి అందే పిచ్చిదానా. ఇల్లు మనదే."

ఆ మాట నాకెంత నచ్చిందంటే, మర్నాటినించీ కనబడ్డవాళ్లందరికీ అదే. రొట్టెల కొట్టమ్మాయికి బ్లైబెన్, పోస్టాయనకి బ్లైబెన్. బస్సు దిగుతూ డ్రైవరుక్కూడా దర్జాగా బ్లైబెన్ చెప్పాను. ఆయన పాపం తలుపు తెరిచే ఉంచి, నేను దిగుతానో దిగనో అని చూస్తూ కూర్చున్నాడు. (మా ఆయనే ఉంటే దీనికి ఇంకో నాలుగు కలిపి చెప్పేవాడు.) ఇప్పుడు ఆ రొట్టెల కొట్టమ్మాయి నాకు ఎదురొచ్చి బ్లైబెన్ అన్నా, తప్పని మాత్రం చెప్పను.