ఇందిరక్క సాఫ్ చేసిన ఆకాశం

మా ఇందిరక్క చేతిలో పడితే ఎంతటి మొహమైనా నున్నగా కావలసిందే. హనుమకొండ చౌరస్తా దగ్గర మా బావ సారంగపాణికి ఫొటో స్టూడియో ఉండేది. ఆయన ఫొటో తీస్తే, అక్క నెగెటివ్ ముందు పెట్టుకుని పెన్సిలుతో, బ్లేడు కొసతో మచ్చలన్నీ మాయం చేసేది. అమ్మవారి మచ్చలున్న పెళ్లికూతుళ్ల తల్లులు బావ కోసం కాదు, అక్కను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. అందుకు బావకు లోలోపల కొంచెం కుళ్లే.

డెబ్బై తొమ్మిదిలో, అమెరికావాళ్లు ఆకాశంలోకి పంపిన స్కైలాబ్ నెత్తిన పడుతుందని జనం వణుకుతుంటే, బావకు పట్టుకున్న బెంగ వేరు. అది పడేలోపు దాని ఫొటో తీయాలి! ఎండాకాలం సాయంత్రాలన్నీ మిద్దె మీదే గడిపాడు. కదిలే చుక్క కనబడగానే కెమెరా తెరిచిపెట్టి ఊపిరి బిగబట్టేవాడు. అలా తెరిచి ఉంచితే పోయే చుక్క ఫొటోలో గీతగా పడుతుంది. ఎన్నో ఫిల్ములు పాడయ్యాక ఒక్కటి కుదిరింది. ఇక ఆగుతాడా? ఎదురుగా చాయ్ హోటల్ నడిపే కిషన్ రావుకు చెప్పాడు, అంటే బజారంతటికీ చెప్పినట్టే.

"ఆదివారం స్టూడియో ముంగట అద్దాల పెట్టెల పెడ్త, వచ్చి చూడుండ్రి."

శనివారం ప్రింటు వేస్తే కాగితమంతా నల్లగా వచ్చింది, గీతా లేదు, చుక్కా లేదు. మళ్లీ వేశాడు. మళ్లీ నలుపే.

"ఇందిరా, ఈ నెగెటివ్‌ను ఏమన్న చేసినవా?"

"చేసిన. పాడుగాను, దాన్నిండ చుక్కలే, మీదికెళ్లి ఇంత పొడుగు గీత! ఓపికవట్టి అంత గీకి సాఫ్ చేసిన," అంది అక్క, మెచ్చుకుంటాడేమోనని చూస్తూ.

"గా గీతనే స్కైలాబు!" అంటూ బావ కూలబడ్డాడు.

వానలు మొదలయ్యాయి. స్కైలాబ్ ఎక్కడో దూరాన పడిపోయింది. కిషన్ రావు మాత్రం "అన్నా, అమాస ఫొటో మస్తుగొచ్చిందట గదా!" అని ఏడిపిస్తూనే ఉన్నాడు. బావ అక్కను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేదని అక్క మా అమ్మ దగ్గర ఏడ్చింది.

ఎనభై నాలుగు ఎండాకాలంలో, మన దేశపువాడు వెళ్లివచ్చిన, ఇంకా పైన తిరుగుతున్న రష్యావాళ్ల అంతరిక్ష నౌక కోసం బావ మళ్లీ కెమెరా దులిపాడు. ఈసారి అక్క కూడా వంట ఆపి మిద్దె ఎక్కింది. పొద్దుగూకిన కాసేపటికి పడమటి నుంచి తెల్లటి చుక్క లేచింది. మిణుకు లేదు, చప్పుడు లేదు, మా ఇళ్ల మీదుగా తిన్నగా సాగిపోతోంది. బావ కెమెరా తెరిచాడు.

"అవ్వో, అండ్ల మనుషులున్నరా? ఇసొంటిదాన్నా నేను గీకి పారేసింది!" అంటూ అక్క గభాలున ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ ఊపుకు కెమెరా స్టాండు కదిలింది.

ఫొటోలో గీత చక్కగా వచ్చి, నడుమ ఒక్కచోట వంకర తిరిగింది. అక్క సిగ్గుపడుతూ బ్లేడు తీసింది. "గీ వంకర జర దిద్దుత."

"ముట్టకు," అన్నాడు బావ. దాన్ని అలాగే పెద్దది చేసి అద్దాల పెట్టెలో పెట్టాడు.

కిషన్ రావు వచ్చి చూశాడు. "ఏందన్నా, మీ నౌక తాగి నడిచిందా?"

"నౌక సక్కగనే పోయింది. ఆ వంకర మా ఇందిరది," అన్నాడు బావ, పదిమందికీ వినబడేటట్టు.