ఖాళీ మిషన్ మీద లేచిన ముల్లు

మీ పిల్లలు కూర్చునే బడి గోడను ఎలాంటి ఇటుకతో కట్టారో మీరు ఎప్పుడైనా అడిగారా? అడిగి ఉండరు. అదే గోడ కూలితే మాత్రం ఏ దేవతకు కోపం వచ్చిందని అడుగుతారు. ఆ రెండో ప్రశ్న మీద నాకున్న కోపంతోనే ఇది రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, నేను దయ్యాలను నమ్మను. అప్పుడు నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఇంటర్ చదివే రోజుల్లో జనగామలో చేతబడి మీద ఒక చర్చ పెడితే, వచ్చిన మంత్రగాడికి అందరి ముందూ నా జుట్టు కత్తిరించి ఇచ్చి, చేతనైంది చేసుకొమ్మన్నదాన్ని. నాకు జలుబు కూడా చెయ్యలేదు. అలాంటి నాకు ఈ అనుభవం రాయడం ఇష్టమైన పని కాదు. కానీ కళ్లతో చూసినదాన్ని చూడలేదని దాచిపెడితే ఆ మంత్రగాడికీ నాకూ తేడా ఏముంటుంది?

మాది తరిగొప్పుల. డిగ్రీ నాలుగో సంవత్సరంలో మెటీరియల్స్ సైన్స్‌లో ఆనర్స్ పరిశోధన తీసుకున్నాను. ఏడాది పొడుగునా ఒకే ప్రశ్న పట్టుకొని ల్యాబులో ప్రయోగాలు చేసి, చివర థీసిస్ రాయాలి. నాకు జతగా సునీత. మహబూబాబాద్ దగ్గరి ఒక తండా అమ్మాయి. ఫోనులో ఇంటివాళ్లతో లంబాడీలో గలగలా మాట్లాడుతుంది, ల్యాబులోకి వస్తే నోరు విప్పదు, పని మాత్రం నాకంటే ఎక్కువ చేస్తుంది. మేము ఎంచుకున్న ప్రశ్న తేలికైనదే. భూపాలపల్లి థర్మల్ ప్లాంటులో బొగ్గు కాలాక మిగిలే బూడిదతో ఇటుకలు చేస్తారు కదా, అవి ఎంత బరువు మోస్తాయి?

బూడిదలో దోషం ఏమీ లేదు. సిమెంటు సరిగా కలిపి, వారాల తరబడి తడి ఆరకుండా నీళ్లు పడితే మంచి ఇటుక అవుతుంది. నీళ్లు పట్టకుండా ఎండలో పడేసి, పైన తెల్లబడగానే లారీకి ఎత్తితే అది ఇటుక ఆకారంలో ఉన్న బూడిదే.

అప్పుడు సునీత వాళ్ల తండాలో బడికి ఆ బూడిద ఇటుకలతోనే కొత్త గది కడుతున్నారు. వాళ్ల అమ్మ అక్కడే ఇటుకలు మోసే పనికి పోయేది. యాడి అని పిలుస్తుంది సునీత ఆమెను. పరీక్షకు ఇటుకలు ఎక్కడినుంచో ఎందుకు, ఆ కుప్పలోంచే తెద్దామనుకున్నాం. సంచుల్లో వేసుకొని రైల్లో తెచ్చాం.

ఇక మిషన్ గురించి చెప్పాలి. ఇటుకను రెండు ఇనుప పలకల మధ్య పెట్టి, కరెంటు మోటారు తోసే నూనె ఒత్తిడితో పగిలేదాకా నొక్కే పాత యంత్రం అది. ముందు గడియారం లాంటి పెద్ద పళ్లెం. అందులో నల్ల ముల్లు, ఎర్ర ముల్లు. బరువు పెరిగినకొద్దీ నల్ల ముల్లు ఎర్రదాన్ని తోసుకుంటూ పైకి పోతుంది. ఇటుక పగలగానే నల్లది సున్నాకు పడిపోతుంది. ఎర్రది మాత్రం ఎక్కడిదాకా పోయిందో అక్కడే నిలబడుతుంది. మళ్లీ చేత్తో తిప్పితేనే కిందికి వస్తుంది.

దాన్ని నడిపేది యాకన్న. మంచివాడు. ప్రతి దసరాకూ మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి, పలకల మధ్య నిమ్మకాయ పెట్టి నలిపేవాడు. లారీ టైరు కింద నిమ్మకాయ పెట్టినట్టే. ఆ ఏడు నేను అడ్డం పడ్డాను.

"ఇదేంది యాకన్నా, మిషనా, లారీయా?"

"లారీకన్న మొండిది బిడ్డా. రోజు దీని నడుమ చెయ్యి వెట్టి తీసేటోన్ని నేను. మొక్కకుంటె ఎట్ల?"

"మొక్కుకో అన్నా, నేనొద్దంటలేను. నిమ్మకాయ మాత్రం పిండకు. ఆ పులుపుకు పలకలు తుప్పు పడుతయి."

"జర సదువుకున్నవని గింత తిక్కనా? దీనికి కోపమొచ్చిన్నాడు నువ్వే సూస్తవు."

నేను డిపార్ట్‌మెంట్ పెద్ద సార్ దాకా పోయి పంతం నెగ్గించుకున్నాను. ఆ దసరాకు నిమ్మకాయ లేదు. ఇందులో నేను చేసిన తప్పేమీ లేదు. ఇప్పుడైనా అదే చేస్తాను.

పరీక్షలు మొదలుపెడితే తండా ఇటుకలు ఒకదాని వెంట ఒకటి నలిగిపోయాయి. గోడకు ఉండాల్సిన బలంలో సగం దగ్గరే చేతులెత్తేశాయి. మా గైడ్ సార్‌కు చూపిస్తే రైల్లో కుదుపులకు దెబ్బతిన్నాయన్నాడు. ఈసారి గడ్డి చుట్టి, ఒళ్లో పెట్టుకొని తెచ్చాం. అదే ఫలితం. అప్పుడు సార్, బాగా తక్కువ వచ్చినవి తీసేసి మిగిలినవాటితో సగటు కట్టమన్నాడు. మిగిలేవే లేవన్నాను. సునీత మాత్రం ఒకే మాట అడిగింది, "సార్, తీసేసిన ఇటుకలు గోడల నుంచి గూడ తీసేస్తరా?" సార్ ఫోను చూసుకుంటూ బయటికి పోయాడు.

బడి గది కట్టే కాంట్రాక్టరుకూ చెప్పాం. ఆయన ఊళ్లో భూములున్న మనిషి, రాజకీయాల్లోనూ తిరుగుతాడు. "బడి కడుతున్నం గని డ్యామ్ కడుతలేం గద బిడ్డా" అని నవ్వాడు. పని ఆగలేదు.

మార్చి మొదట్లో ఒక మధ్యాహ్నం. ల్యాబులో యాకన్న, సునీత, నేను. కరెంటు పోయింది. అంతకుముందే నేను పలకలు తుడిచి, నూనె వెనక్కి పోయే వాల్వు తెరిచి, ఎర్ర ముల్లును సున్నాకు తిప్పి పెట్టాను. పలకల మధ్య ఏమీ లేదు. తలుపు దగ్గరి బల్ల మీద టిఫిన్ డబ్బాలు విప్పుతున్నాం. కిటికీలోంచి ఎండ నేరుగా మిషన్ మీద పడుతోంది.

ముందు చప్పుడు వినబడింది. ఇటుక పగలబోయే ముందు లోపల సన్నగా చిటపటమంటుంది. నెలల తరబడి విన్న చప్పుడు, పొరపాటు పడే అవకాశం లేదు. ముగ్గురం ఒకేసారి తల తిప్పాం.

నల్ల ముల్లు లేస్తోంది. నింపాదిగా, ఎర్రదాన్ని తోసుకుంటూ. ఒకచోట ఆగి వణికింది. ఇటుక పగిలినప్పుడు పడ్డట్టే ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది. ఎర్ర ముల్లు అక్కడే నిలబడింది. మేము దగ్గరికి పోయి చూశాం. తండా ఇటుకలు ఎక్కడ నలిగిపోయేవో సరిగ్గా అక్కడ ఉంది.

యాకన్న చెప్పులు విడిచి గోడకు ఆనుకొని నిలబడ్డాడు. నేను ముందు మోటారు స్విచ్ చూశాను. ఆపి ఉంది. వాల్వు చూశాను. తెరిచే ఉంది. సునీత ఎర్ర ముల్లునే చూస్తూ, "ఇది మా ఇటుకనే" అంది.

మేమింకా డబ్బాలకు మూతలు పెట్టనే లేదు, సునీత వాళ్ల అన్న ఫోన్ చేశాడు. బడి గది గోడ కూలింది. యాడి కాలు ఇటుకల కింద పడి నలిగింది. మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోతున్నారు.

గోడ పడ్డదీ ముల్లు లేచిందీ ఒకే క్షణంలో అని నేను అనను. అక్కడా ఇక్కడా ఎవరూ గడియారం చూడలేదు. అంత మాత్రం నిజాయితీ నాకుంది.

తర్వాతి రోజుల్లో నాకు తోచినవన్నీ చేసి చూశాను. ఎండకు నూనె వేడెక్కి ముల్లును లేపిందా? అదే ఎండలో, అదే విధంగా వదిలి చాలాసార్లు కూర్చున్నాను. ముల్లు కదల్లేదు. లోపల ఒత్తిడి మిగిలిందా? వాల్వు తెరిచి ఉంటే మిగలదు. నేనే పట్టుబట్టి హైదరాబాద్ నుంచి మిషన్ కొలతలు సరిచూసే మనిషిని పిలిపించాను. అంతా బాగానే ఉందని, మీ పలకలు కొత్తవాటిలా ఉన్నాయని చెప్పి పోయాడు.

యాకన్న క్యాంటీన్లో అందరికీ చెప్పాడు. నిమ్మకాయ పెట్టనివ్వనందుకే మిషన్‌కు గాలి సోకిందన్నాడు. ఆయన భయం ఆయనది, దానికి నేను కోప్పడను. ఆ మాటను గైడ్ సార్ ఎలా వాడుకున్నాడో చూడండి. తనంతట తాను తిరిగే మిషన్ ఇచ్చిన లెక్కలు థీసిస్‌లో ఎలా పెడతారు అన్నాడు. కొలతలు సరిచూసినవాడి మాట చెప్పినా వినలేదు. ఏడాది మా చేతుల్లో పగిలిన ఒక్క ఇటుక కూడా థీసిస్‌లోకి ఎక్కలేదు. వేరేవాళ్లు రాసిన వ్యాసాలు చదివి సారాంశం రాసిస్తే పాసు చేశారు.

తండాలో ఇంకా ఘోరం. పునాదికి ముగ్గు పోసిన్నాడు మైసమ్మకు మేకను కొయ్యలేదని, అందుకే గోడ పడిందని ఎవరో పుకారు లేపారు. కాంట్రాక్టరు ఎంత సంతోషపడి ఉంటాడో! తన ఖర్చుతో మేకను కోయించాడు. సునీత, నేను అక్కడికి పోయాం. మేకను కోస్తే ఇటుక గట్టిపడదని, ఆ కుప్ప మొత్తం తీసేయించమని అందరి ముందూ అరిచాను. కాంట్రాక్టరు పక్కన కూర్చున్న పెద్దమనిషి ముసిముసిగా నవ్వి అన్నాడు:

"మీ మిషనే దయ్యం వట్టి తిరిగిందట గద బిడ్డా. ఇగ మాకేం చెప్పవడితివి?"

అందరూ నవ్వారు. దవాఖాన నుంచి వచ్చి పక్కనే ఇంటి ముందు పడుకున్న యాడి, మంచం మీదినుంచి లంబాడీలో ఏదో గట్టిగా అరిచింది. ఏమన్నదని సునీతను అడిగాను.

"మేక కూర పంపియ్యకుండ్రి, నా కాలు పంపియ్యుండ్రి అంటున్నది."

నవ్వులు ఆగాయి. కానీ కూర ఉడికింది. అందరూ తిన్నారు.

పడ్డవాటిలో పగలని ఇటుకలు ఏరి, అవే పెట్టి గోడ మళ్లీ లేపారు. పైన సిమెంటు పూసి నీలం రంగు వేశారు. అధికారులకు రాశాం, తిరిగాం. చూస్తామన్నారు. ఇవాళ ఆ గదిలో పిల్లలు కూర్చొని ఎక్కాలు చదువుతున్నారు. యాడి కర్ర పట్టుకొని నడుస్తుంది. రోజూ బడి వదిలేదాకా ఆ గోడకు దూరంగా కూర్చొని చూస్తూ ఉంటుందట.

నన్ను వాదనకు పిలిచేవాళ్లు ఈ కథ విని చంకలు గుద్దుకుంటారు. ఇప్పటికైనా ఒప్పుకుంటావా అంటారు. ఏం ఒప్పుకోవాలి? కరెంటు లేకుండా, ఇటుక లేకుండా ఆ ముల్లు ఎందుకు లేచిందో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. తెలియదన్నది నా జవాబు, దయ్యమన్నది నా జవాబు కాదు. గోడ ఎందుకు పడిందో మాత్రం నాకు బాగా తెలుసు. ముల్లు లేవక ముందే తెలుసు. అది చెప్పినప్పుడు ఎవరూ రాలేదు, ముల్లు కథ వినడానికి మాత్రం ఊళ్లకు ఊళ్లు వచ్చాయి.

మీరూ ఇక్కడిదాకా ముల్లు కోసమే చదివారు కదా? అయితే ఇప్పుడు లేవండి. మీ ఊరి బడికి పోండి. ఇటుకలను పరీక్ష చేయించారా, ఎక్కడ చేయించారు అని అడగండి. జవాబు రాకపోతే, మిగిలిన కుప్పలోంచి నాలుగు ఇటుకలు సంచిలో వేసుకొని దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుకు పట్టుకుపోండి. అవి మీ కళ్లముందు పగిలేదాకా అక్కడినుంచి కదలకండి. రేపు బడి గంట కొట్టకముందే పోండి.